ఒకే ఒప్పందం, రెండు పాఠాలు: సులు ముస్లింలు, అమెరికా సామ్రాజ్యం



మైనారిటీ హక్కుల గురించి మాట్లాడుకొనే సభల్లో సాధారణంగా మన ఊరి, మన జిల్లా, మన రాష్ట్ర సమస్యలే చర్చకు వస్తాయి. అది సహజం. అయితే ఈ పూట మేము మిమ్మల్ని చాలా దూరం, ఫిలిప్పీన్స్ దేశపు దక్షిణపు కొసన ఉన్న సులు దీవులకు తీసుకుపోదలచాం. కాలంలో కూడా నూట పాతికేళ్లు వెనక్కి వెళ్లవలసి ఉంటుంది. అక్కడ ఒక ముస్లిం సమాజం తన మతానికీ ఆచారానికీ గౌరవానికీ భంగం రాదన్న హామీని కాగితం మీద పుచ్చుకొంది. ఆ హామీ ఇచ్చినది అప్పుడప్పుడే సముద్రాలు దాటి రాజ్యవిస్తరణకు దిగిన అమెరికా. ఆ కాగితానికి నాలుగున్నర ఏళ్ల ఆయుష్షే దక్కింది. హామీ ఎందుకు పుట్టిందో, ఎందుకు చచ్చిందో తెలుసుకొంటే, హక్కు అనే మాటకు అర్థం మనకు కొంత స్పష్టపడుతుందని మా విశ్వాసం.

ముందుగా 1898వ సంవత్సరం సంగతి చెప్పుకోవాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 15న క్యూబాలోని హవానా రేవులో 'మెయిన్' అనే అమెరికన్ యుద్ధనౌక పేలిపోయింది. రెండువందల అరవై మందికి పైగా మరణించారు. పేలుడుకు కారణం తేలకముందే అమెరికా పత్రికలు నేరాన్ని స్పెయిన్‌కు అంటగట్టాయి. ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. క్యూబా ప్రజలను స్పెయిన్ దాస్యం నుంచి విడిపించడమే లక్ష్యమని చెప్పారు. క్యూబాను ఏలుకొనే ఉద్దేశం తమకు లేదని అమెరికన్ కాంగ్రెసు తీర్మానం కూడా చేసింది. కాని మొదటి పెద్ద దెబ్బ క్యూబాలో పడలేదు. మే 1న కమొడోర్ డ్యూయీ నౌకాదళం ఆసియాలో, మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకలను ముంచివేసింది. జూలైలో హవాయి దీవులను అమెరికా కలిపేసుకొంది. డిసెంబరు 10న పారిస్‌లో సంధి కుదిరింది. పోర్టో రికో, గ్వామ్ అమెరికా వశమయ్యాయి. రెండు కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌ను కూడా పుచ్చుకొన్నారు.

ఆ బేరంలో ఫిలిప్పీన్స్ ప్రజలకు చోటు లేదు. అగినాల్డో నాయకత్వాన వారు అంతకు ఆరు నెలల ముందే, జూన్ 12న, స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నారు. వారి ప్రతినిధిని పారిస్ చర్చల్లోకి రానివ్వలేదు. డిసెంబరు 21న అధ్యక్షుడు మెకిన్లీ ఒక ప్రకటన చేస్తూ, అమెరికా వచ్చింది జయించడానికి కాదనీ, దయతో తనలో కలుపుకోవడానికనీ సెలవిచ్చారు. 1899 ఫిబ్రవరి 4 రాత్రి మనీలా శివార్లలో ఆ దయకు తుపాకీ మొలిచింది. రెండు రోజుల తరువాత అమెరికన్ సెనేట్ 57 - 27 ఓట్లతో సంధిని ఆమోదించింది. కావలసిన మూడింట రెండు వంతుల మెజారిటీ కంటే అది ఒక్క ఓటే ఎక్కువ.

ఈ విస్తరణ ఒక మనిషి మదిలో హఠాత్తుగా పుట్టిన కోరిక కాదు. 1893 ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికన్ కర్మాగారాలకు బయటి మార్కెట్లు కావలసి వచ్చాయి. చైనా వర్తకానికి మనీలా గుమ్మం లాంటిదని వ్యాపారవర్గాలు లెక్క కట్టాయి. సముద్రబలమే దేశబలమని నౌకాధికారి మహన్ 1890లో రాసిన గ్రంథం పాలకులకు పాఠ్యపుస్తకమైంది. అదే 1890లో వూండెడ్ నీ వద్ద ఆదివాసులపై జరిగిన ఊచకోతతో ఖండం లోపలి ఆక్రమణ ముగింపుకు వచ్చింది. ఆ పోరాటాల్లో ఆరితేరిన అధికారులే తరువాత ఫిలిప్పీన్స్‌కు వెళ్లారు. మేము ముందు ముందు చెప్పబోయే లియోనార్డ్ వుడ్ అపాచీ నాయకుడు జెరానిమోను వేటాడిన దళంలో పనిచేసినవాడే. అందుచేత సముద్రం దాటిన సామ్రాజ్యాన్ని, ఖండం లోపలి సామ్రాజ్యానికి కొనసాగింపుగానే చూడాలి.

ఇక్కడ ఒక చట్టపరమైన చిక్కు తలెత్తింది. అమెరికా తన్ను తాను రిపబ్లిక్ అని చెప్పుకొనే దేశం. దాని జెండా ఎగిరిన చోటెల్లా దాని రాజ్యాంగం కూడా వర్తిస్తుందా? కొత్తగా వచ్చిన దీవుల ప్రజలు పౌరులా, కేవలం పాలితులా? పోర్టో రికో నుంచి వచ్చిన నారింజపండ్ల మీద సుంకం వేయవచ్చునా అన్న వ్యాజ్యంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరింది. డౌన్స్ వర్సెస్ బిడ్‌వెల్ అనే ఆ కేసులో 1901 మే నెలలో ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచారు. ఆ దీవి అమెరికాకు చెందినదే గాని అమెరికాలో భాగం కాదన్నది తీర్పు సారాంశం. నేల మాది, మనుషులు మావారు కారు అన్న మాటను న్యాయభాషలో చెప్పడమే ఇది. విభేదించిన నలుగురిలో జస్టిస్ హార్లన్ ఒకరు. నల్లవారిని రైళ్లలో వేరుగా కూర్చోబెట్టే చట్టం చెల్లుతుందని 1896లో అదే కోర్టు అన్నప్పుడు ఒంటరిగా విభేదించినదీ ఆయనే. ఇంటిలోపలి వివక్షనూ, వెలుపలి వివక్షనూ ఆయన ఒకే చూపుతో చూశారు.

ఇప్పుడు సులు దీవులకు వద్దాం. ఇస్లాం అక్కడికి కత్తి పట్టుకొని పోలేదు. వర్తకుల ఓడల్లో, సూఫీల వెంట చేరింది. పదిహేనో శతాబ్దంలో అక్కడ సుల్తానత్ ఏర్పడింది. పక్కనున్న మిందనావో దీవిలో మగిందనావో సుల్తానత్, సరస్సుల సీమలో మరనావో దాతుల పాలన నడిచాయి. స్పెయిన్‌వారు వీరందరికీ 'మోరో' అని పేరు పెట్టారు. తమ దేశాన్ని ఒకప్పుడు ఏలిన ముస్లింలను వారు పిలిచే పేరే అది. ప్రపంచపు ఆ కొసన కనిపించిన ముస్లింలో కూడా వారికి పాత శత్రువే కనిపించాడు. తిట్టుగా వచ్చిన ఆ పేరును మోరోలు తరువాత తమ జాతి నామంగా స్వీకరించి, బంగ్సమోరో అని సగర్వంగా చెప్పుకొన్నారు.

మూడు వందల ఏళ్లకు పైగా పోరాడినా స్పెయిన్ ఈ సీమను పూర్తిగా లొంగదీసుకోలేదు. 1878లో సులు సుల్తాన్‌తో ఒక ఒప్పందం కుదుర్చుకొంది. స్పానిష్ పాఠంలో సులు మీద స్పెయిన్ సార్వభౌమత్వం అని ఉంది. స్థానిక తౌసుగ్ భాషా పాఠం ప్రకారం సులు స్పెయిన్ రక్షణలో ఉన్న రాజ్యం మాత్రమే. అంటే 1898లో స్పెయిన్ తనకు పూర్తిగా లేనిదానిని అమ్మింది. కొన్నవారు దస్తావేజును మరో భాషలో చదివి చూసుకోలేదు.

అమెరికా సేనలు 1899లో దక్షిణాదికి చేరేనాటికి ఉత్తరాన లూజోన్ దీవిలో యుద్ధం ఉధృతంగా సాగుతోంది. రెండు చోట్లా పోరాడే బలం వారికి లేదు. అగినాల్డో ఆ ఏడాది జనవరిలోనే సులు సుల్తాన్‌కు స్నేహహస్తం చాస్తూ లేఖ రాశారు. క్రైస్తవ ఉత్తరం, ముస్లిం దక్షిణం చేతులు కలిపితే కథ ఎలా మారేదో ఎవరూ చెప్పలేరు. కాని శతాబ్దాల పాటు స్పెయిన్ వెంట వచ్చి తమ మీద దాడి చేసిన ఉత్తరాదివారిని మోరోలు నమ్మలేదు. ఆ అపనమ్మకమే అమెరికాకు అక్కరకు వచ్చింది.

జనరల్ జాన్ బేట్స్ హోలో పట్టణానికి వెళ్లి, సుల్తాన్ జమాలుల్ కిరామ్‌తో 1899 ఆగస్టు 20న ఒప్పందం చేసుకొన్నాడు. సుల్తాన్‌కూ దాతులకూ ఉన్న హక్కులను, గౌరవాన్ని మన్నిస్తామన్నారు. మతం కారణంగా మోరోల జోలికి పోబోమన్నారు. సుల్తాన్ సమ్మతి లేకుండా సులు దీవులను మరొక దేశానికి అమ్మబోమన్నారు. సుల్తాన్‌కు నెలకు 250 మెక్సికన్ డాలర్ల భత్యం ఏర్పాటు చేశారు. చూడడానికి ఎంతో మర్యాదగా ఉన్న పత్రమది. అయితే మొదటి నిబంధనలోనే పాత కిటుకు దాగి ఉంది. సులు ద్వీపసమూహం మీద అమెరికా సార్వభౌమత్వాన్ని అంగీకరిస్తున్నట్లు ఇంగ్లీషు పాఠం చెబుతుంది. తౌసుగ్ పాఠంలో సార్వభౌమత్వమన్న మాట లేదు. సులు దీవులకు ఆసరా, సాయం, రక్షణ అమెరికా జాతి నుంచి లభిస్తాయన్న అర్థమే అందులో ఉంది. సుల్తాన్ ఒక స్నేహితుణ్ణి సంపాదించుకొన్నాననుకొన్నాడు. బేట్స్ ఒక సామంతుణ్ణి నమోదు చేసుకొన్నాడు. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు.

ముస్లిం పాఠకులు తప్పక తెలుసుకోవలసిన ఉపకథ ఒకటి ఇదే కాలానికి చెందినది. అప్పట్లో ఇస్తాంబుల్‌లో అమెరికా రాయబారి ఆస్కార్ స్ట్రాస్. ఖలీఫా హోదాలో ఉన్న ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ హమీద్‌ను కలుసుకొని, అమెరికన్లతో తలపడవద్దని సులు ముస్లింలకు చెప్పవలసిందిగా కోరానని, సుల్తాన్ మక్కా మీదుగా ఆ సందేశం పంపారని ఆయన తన స్వీయచరిత్రలో రాసుకొన్నారు. ఆ సందేశం ఎంత పనిచేసిందన్న దానిపై చరిత్రకారులు తలొక విధంగా చెబుతారు. మాకు ముఖ్యమనిపించిన సంగతి వేరు. సామ్రాజ్యం తన అవసరానికి ఖలీఫా మాటను కూడా వాడుకోగలదు. అవసరం తీరాక ఖలీఫా పేరు ఎత్తదు.

అవసరం తీరింది. 1902 జూలై 4న అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ఫిలిప్పీన్స్ యుద్ధం ముగిసిందని ప్రకటించారు. ఆ యుద్ధంలో తుపాకులకు, ఆకలికి, కలరాకు బలైన సామాన్య ప్రజల సంఖ్య రెండు లక్షలని సాధారణంగా అంచనా వేస్తారు. ఆ ప్రకటనలో మోరోల సీమను మాత్రం మినహాయించారు. 1903లో మోరో ప్రావిన్సు ఏర్పడింది. దానికి తొలి గవర్నరు లియోనార్డ్ వుడ్. 1904 మార్చిలో బేట్స్ ఒప్పందాన్ని అమెరికా ఏకపక్షంగా రద్దు చేసింది. లూజోన్‌లో సేనలు చిక్కుకొని ఉన్న గడ్డు కాలంలో చేసుకొన్న తాత్కాలిక ఏర్పాటే అదని తామే చెప్పుకొన్నారు.

రద్దుకు అమెరికన్లు చూపిన కారణాల్లో ఒకటి బానిసత్వం. దీన్ని మేము దాటవేయం. సులులో బానిసత్వం ఉండేది. సముద్రం మీద దాడులు చేసి మనుషులను పట్టి తెచ్చే దురాచారం అంతకు ముందు విస్తారంగా సాగింది. బానిసను విడిపించడం గొప్ప పుణ్యమని బోధించే ధర్మాన్ని నమ్మినవారే ఆ పని చేశారు. మన చరిత్రలోని తప్పును మనమే చెప్పకపోతే, దానిని మరొకడు తన ఆయుధంగా మలచుకొంటాడు. ఇక్కడ జరిగినది అదే. 1899లో ఒప్పందం కావలసినప్పుడు, బానిస తన వెల చెల్లించి విముక్తి పొందవచ్చునని అదే అమెరికా రాసి ఊరుకొంది. అమెరికన్ రాజ్యాంగం పదమూడో సవరణతో నిషేధించిన బానిసత్వాన్ని అమెరికన్ జెండా కింద సహించడమేమిటని సామ్రాజ్య వ్యతిరేకులు అప్పుడే నిలదీశారు. బానిసలు 1899లోనూ ఉన్నారు, 1904లోనూ ఉన్నారు. మారినది అమెరికా సైనికబలం ఒక్కటే.

తరువాత సెడులా అనే తలపన్ను వచ్చింది. కాఫిరు ప్రభుత్వానికి తలపన్ను కట్టడమంటే ఓటమిని ఒప్పుకోవడమేనని సులులో చాలామంది భావించారు. హోలో పట్టణానికి సమీపంలో బుద్ దాహో అనే చల్లారిన అగ్నిపర్వతం ఉంది. పన్ను కట్టం, లొంగం అన్న కుటుంబాలు భార్యాపిల్లలతో ఆ కొండ ఎక్కి, శిఖరంలోని గుంటలో ఇళ్లు వేసుకొని, పంటలు పండించుకొంటూ నెలల తరబడి ఉన్నాయి. సుల్తాన్, అనేకమంది దాతులు వారిని దిగి రమ్మన్నారే గాని వారి పక్షాన నిలువలేదు. 1906 మార్చి మొదటి వారంలో వుడ్ సుమారు 790 మంది సైనికులను, స్థానిక పోలీసు దళాలను పంపాడు. ఫిరంగులను తాళ్లతో కొండపైకి లాగారు. మూడు నాలుగు రోజుల్లో పని ముగిసింది. కొండ మీద ఉన్న వారు ఎనిమిది వందల నుంచి వెయ్యి మంది దాకా ఉంటారని అంచనా. ప్రాణాలతో మిగిలినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. అమెరికా వైపు చనిపోయినవారు ఇరవై మంది ప్రాంతం. రూజ్‌వెల్ట్ వుడ్‌కు అభినందన తంతి పంపారు. స్త్రీలు, పిల్లలు ఎందుకు చనిపోయారన్న ప్రశ్న వచ్చినప్పుడు, స్త్రీలు మగవారి దుస్తులు వేసుకొని పోరాడారని, పిల్లలను మగవారు కవచాలుగా వాడుకొన్నారని వుడ్ సమాధానమిచ్చాడు. ఈ సమాధానం మీకు కొత్తగా వినిపించకపోవచ్చు. నూరేళ్ల తరువాతి యుద్ధాల్లోనూ మనం దీనినే విన్నాం.

ఆ కొండ మీద తీసిన ఒక ఛాయాచిత్రం నేటికీ ఉంది. కందకం నిండా శవాలు. గట్టు మీద సైనికులు నిలబడి కెమెరా వంక చూస్తున్నారు. ఆనాటి అమెరికాలో దానిని చూసి కలతపడినవారూ ఉన్నారు. మార్క్ ట్వేన్ ఆ నెలలోనే ఈ ఊచకోత మీద పదునైన వ్యాఖ్యలు చెప్పి రాయించారు. కాని అవి ఆయన బతికుండగా వెలుగు చూడలేదు. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అట్లాంటాలో అధ్యాపకుడు. దండయాత్రలంటే నిజంగా ఏమిటో విద్యార్థులకు తెలియడానికి ఆ చిత్రాన్ని తన తరగతి గోడకు తగిలించాలని ఉందని సామ్రాజ్య వ్యతిరేక సంఘం అధ్యక్షుడు మూర్‌ఫీల్డ్ స్టోరీకి రాశారు. మోరోల మీద జరిగిన దానిని, తన జాతి మీద జరిగే మూకహత్యలను వేరువేరుగా చూడలేని చూపు అది. సామ్రాజ్య వ్యతిరేకులందరూ అటువంటివారు కారు. గోధుమరంగు మనుషులు తమ రిపబ్లిక్‌లోకి రాకూడదన్న తలంపుతోనే ఆక్రమణను వద్దన్నవారు కూడా ఆ సంఘాల్లో కొందరున్నారు. మన పక్షాన నిలిచిన ప్రతివాడూ మనల్ని సమానులుగా చూస్తున్నాడని అనుకోరాదు.

బుద్ దాహో గురించి తెలిసినవారు కూడా దాని పక్కనే నడిచిన మరొక పనిని గమనించరు. అది చప్పుడు లేనిది. 1903లో ఒక చట్టం చేసి, ప్రభుత్వ అనుమతి లేకుండా మోరో సుల్తాన్లు, దాతులు చేసిన భూదానాలు చెల్లవన్నారు. పట్టా లేని భూములు ప్రభుత్వ భూములయ్యాయి. కాగితం అలవాటు లేని సమాజానికి కాగితమే భూమి అన్న నియమం ఎంత ప్రమాదమో మనకు వేరే చెప్పనక్కరలేదు. 1913 నుంచి ఉత్తరాది క్రైస్తవ కుటుంబాలను దక్షిణానికి తెచ్చి వ్యవసాయ వలసలు నెలకొల్పారు. 1919 చట్టం ప్రకారం వలస వచ్చిన రైతుకు 24 హెక్టార్ల దాకా, క్రైస్తవేతరుడికి 10 హెక్టార్లు. 1936లో వాటిని 16కూ 4కూ దించారు. పరిమాణం తగ్గింది, నిష్పత్తిలో వ్యత్యాసం పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ సీమలో అధిక సంఖ్యాకులైన ముస్లింలు శతాబ్దం చివరికి సుమారు ఐదోవంతుగా మిగిలారు. కొందరు మైనారిటీగా పుడతారు. మోరోలను చట్టాలతో, పట్టాలతో, పడవల్లో దింపిన జనంతో మైనారిటీగా తయారు చేశారు.

వారు ఊరుకోలేదు. 1913లో నిరాయుధీకరణను ధిక్కరించి బుద్ బగ్‌సాక్ కొండ మీద జాన్ పెర్షింగ్ సేనలకు ఎదురు నిలిచి వందలాది మంది మరణించారు. 1935 మార్చిలో దన్సలాన్ పట్టణంలో మరనావో పెద్దలు విన్నపం రాశారు. ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు తమను, తమ దీవులను అందులో కలపవద్దని వేడుకొన్నారు. జాలి గొలిపే విషయమేమంటే, ఆ విన్నపం ఏ ప్రభుత్వం బుద్ దాహోను చేసిందో ఆ ప్రభుత్వానికే పోయింది. వేరే తలుపు వారికి లేదు. 1946లో అమెరికా వెళ్లిపోతూ వారిని మనీలాకు అప్పగించింది. ఆ తరువాత 1970లలో సాయుధ పోరాటం, 1976లో ట్రిపోలీ ఒప్పందం, 2014లో సమగ్ర ఒప్పందం, 2019లో ప్రజాభిప్రాయ సేకరణతో బంగ్సమోరో స్వయంపాలక ప్రాంతం వచ్చాయి. ఆ సేకరణలో సులు ఓటర్లు వద్దన్నారన్న కారణంతో 2024లో సుప్రీంకోర్టు సులును ఆ ప్రాంతం నుంచి తప్పించింది. కథ మొదలైన దీవులే ఇప్పుడు దాని వెలుపల ఉన్నాయి.

అమెరికా బడులు కట్టింది కదా, రోడ్లు వేసింది కదా, టీకాలు వేసింది కదా అని ఒకరు అడగవచ్చు. చేసింది, కాదనం. బడి మంచిదే. అయితే బడి కట్టినవాడు మన మాటను వెనక్కి తీసుకొనే అధికారాన్ని కూడా తన వద్దే ఉంచుకొంటే, ఆ బడి అతని దయ అవుతుంది. మన హక్కు కాదు. క్యూబా సంగతీ ఇంతే. 1898లో ఏలబోమని తీర్మానించినవారు, 1901లో తాము కావలసినప్పుడల్లా జోక్యం చేసుకొనే అధికారాన్ని క్యూబా రాజ్యాంగంలోనే రాయించుకొన్నారు.

మిత్రులారా, సులు ప్రజలకు మూడు ప్రశ్నలకు జవాబు లేకపోయింది. రెండు పాఠాలు వేరైతే ఏ భాషలోనిది చెల్లుతుంది? ఒప్పందాన్ని రద్దు చేసే అధికారం ఎవరిది? రద్దు చేస్తే ఎక్కడికి పోయి మొరపెట్టుకోవాలి? కోర్టు తలుపును డౌన్స్ తీర్పు వంటివి ముందే సగం మూసివేశాయి. మిగిలినది కొండ ఎక్కడమే అయింది.

ఈ దేశంలో మన పరిస్థితి అది కాదు. 25 నుంచి 30 దాకా ఉన్న అధికరణలు ఏ పాలకుడూ తన అవసరానికి రాసి ఇచ్చిన హామీలు కావు. పౌరులుగా మనం కూడా పాలు పంచుకొని రాసుకొన్న రాజ్యాంగంలోని హక్కులు అవి. వాటికి కోర్టు ఉంది, ఓటు ఉంది, మాట ఉంది. అందుకే ఏ కమిటీ నివేదికైనా, ఏ ఎన్నికల వాగ్దానమైనా, వక్ఫ్ భూమి మీద ఏ ఒప్పంద పత్రమైనా మన ముందుకు వచ్చినప్పుడు, అందులోని తీయని మాటలను లెక్కించడం మాని ఆ మూడు ప్రశ్నలు అడుగుదాం. మన వీధిలో చదవడం రాని ముసలమ్మ చేత ఎవరైనా వేలిముద్ర వేయించుకోబోతుంటే, ముందు ఆ కాగితాన్ని ఆమెకు అర్థమయ్యే భాషలో గట్టిగా చదివి వినిపిద్దాం. సులు సుల్తాన్‌కు ఆ పని చేసిపెట్టేవాడు లేకపోయాడు.

సెలవు. ఖుదా హాఫిజ్.